నూటపదమూడో నెంబరు జీను

పెట్టె మూత తీసేటప్పుడు మేకులు ఒంకర పోకుండా చూడమని స్టైన్వోర్ రెండుసార్లు చెప్పింది. పెట్టె మళ్ళీ పనికొస్తుంది, మేకులూ పనికొస్తాయి. కస్టమ్స్ అధికారి ఓగ్ముండుర్ తలూపి, ఇనప కడ్డీ మొనని మూత కిందకి నెమ్మదిగా దూర్చాడు. మేకులు ఒకటొకటే కిర్రుమంటూ పైకి లేచాయి. ఆమె వాటిని ఏరి కోటు జేబులో వేసుకుంది. బయట ఓడరేవులో గాలి షెడ్డు రేకుల్ని దడదడలాడిస్తోంది.

"ఆరు వెళ్ళాయి. సంతలో రెండు అమ్ముడుపోయాయి. నాలుగు తిరిగొచ్చాయి. అంతేనా?" అన్నాడు ఓగ్ముండుర్ కాగితం చూస్తూ.

"అంతే. నెంబర్లు కాగితం మీద ఉన్నాయి. జీను పక్క తోలు ఎత్తితే లోపల అచ్చు కనిపిస్తుంది."

అమ్ముడుపోక తిరిగొచ్చిన సరుకుకి సుంకం లేదు, పన్ను లేదు. కాకపోతే పోయిన నెంబరూ వచ్చిన నెంబరూ ఒకటే కావాలి. ముప్ఫై ఏళ్ళుగా జీనులు కుడుతున్న స్టైన్వోర్ కాగితాల్లో ఏనాడూ నెంబరు తేడా రాలేదు. కాబట్టి ఆమె ధీమాగా నిలబడి ఉంది. జర్మనీ సంత నుంచి ఈ నాలుగూ ఇల్లు చేరితే గుర్రాల పోటీల్లో అమ్మేస్తుంది. అవి అమ్మితే వచ్చే చలికాలానికి తోలు వస్తుంది. తోలు రాకపోతే దుకాణానికి తాళం వేసి, యాభై ఎనిమిదేళ్ళ వయసులో చేపలు కోసే కర్మాగారంలో నిలబడాలి. ఆమె లెక్క అంత సూటిగా ఉంది.

ఓగ్ముండుర్ మామూలుగా పైనుంచి ఒక్కొక్కటే తీసి చూస్తాడు. ఈసారి అలా చూడలేదు. నేరుగా నూటనలభై నాలుగో నెంబరు జీనుని బయటికి లాగి, బోర్లా తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఎడమవైపు వెనక మూల టార్చి వేశాడు. తర్వాత చిన్న చిమటాతో ఏదో పట్టుకుని తెల్లకాగితం మీద పెట్టాడు. రెండు వెండిరంగు వెంట్రుకలు. వాటి పక్కనే మెత్త మీద ఆరిపోయిన చెమట ఉప్పులా తెల్లగా చార కట్టి ఉంది.

"ఇదేంటి స్టైన్వోర్?"

"అది నాది కాదు."

"నీది కాదని నాకూ తెలుసులే. గుర్రానిది."

"నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఎవడో గుర్రం మీద వేసి చూసుంటాడు."

"ఎవడు వేసినా వేసినట్టే. బయటి గుర్రం వీపెక్కిన జీను ఐస్‌లాండ్‌లోకి రాకూడదు. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. ఈ దీవి గుర్రాలు బయటి రోగం ఎరగవు. ఎరగవు కాబట్టే తట్టుకోలేవు. ఇక్కడి గుర్రం ఒకసారి దేశం దాటిందంటే మళ్ళీ సొంత గడ్డి తినడానికి రాదు, యజమాని ఎంత ఏడ్చినా రాదు. వాడిన తోలు చేతిదొడుగులు వేసుకుని విమానం దిగిన పరాయి వాళ్ళని స్టైన్వోరే ఎన్నోసార్లు తిట్టింది.

"అయితే ఆ ఒక్కటీ తీసుకో. మిగతా మూడూ కొత్తవి. దేని సంచిలో దాన్ని పెట్టి నేనే మూత బిగించాను."

ఓగ్ముండుర్ పెట్టె అడుగుకి వేలు చూపించాడు. నాలుగు గుడ్డ సంచులూ మడత పెట్టి అడుగున ఉన్నాయి. జీనులు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. స్టైన్వోర్ వంగి ఒక సంచిని పైకి తీసి చూసింది.

"హల్బ్యోర్న్‌ని అడుగు," అంది చివరికి. "కంటైనర్ అతనిది. నేను సంచుల్లో పెట్టేటప్పుడు పక్కనే నిలబడి కబుర్లు చెప్పాడు."

హల్బ్యోర్న్ వాళ్ళ ఊరి గుర్రాల వ్యాపారి. సంతలో పక్క దుకాణం అతనిదే. తన సామాను తెచ్చే కంటైనర్‌లో చోటుందని, పెట్టె పడేయమని అతనే అన్నాడు. ఓగ్ముండుర్ ఫోను చేసి, ఆమెకి కూడా వినపడేలా పెట్టాడు.

"స్టైన్వోర్ జీనులు విడివిడిగా సంచుల్లో ఉన్నాయా, కలిసి ఉన్నాయా? విడిగా ఉంటే మూడు వదిలేస్తాను."

ఫోనులో గుర్రం సకిలింపు వినపడింది. తర్వాత హల్బ్యోర్న్ గొంతు. "కలిసే ఉన్నాయి ఓగ్ముండుర్. పాపం, ఆవిడ తొందరలో ఉంది. కలిసే ఉన్నాయి."

ఓగ్ముండుర్ ఫోను జేబులో పెట్టుకుని కాగితం మీద నాలుగు నెంబర్ల పక్కనా గుర్తు పెట్టాడు.

"తగిలింది, తగిలినదానికి తగిలింది, అన్నీ కొలిమికే. నేను రాసిన చట్టం కాదు."

"నేరుగా నూటనలభై నాలుగే ఎందుకు తీశావు?"

అతను కళ్ళజోడు తీశాడు. "ఫోనొచ్చింది. పేరు చెప్పలేదు. నెంబరు చెప్పారు, ఎడమ మూల అని కూడా చెప్పారు."

"మిగతా కంటైనర్ చూశావా?"

"బల్లలు, కుర్చీలు, తివాచీలు. పైపైన చూశాను. ఫోను నీ పెట్టె గురించే కదా."

మంగళవారం పొద్దున, పట్టుబడిన సరుకు కాల్చే కొలిమి దగ్గర ఆమె సంతకం పెట్టింది. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళలేదు. తోలు కాలితే వచ్చే వాసన మాంసం వాసనకి దగ్గరగా ఉంటుందని ఆమెకి ముప్ఫై ఏళ్ళలో ఆరోజే తెలిసింది.

*

ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, బుధవారం మధ్యాహ్నం హల్బ్యోర్న్ ఆమె దుకాణానికి ఒక జీను పట్టుకొచ్చాడు.

ఎండ కాసిందని స్టైన్వోర్ పెరట్లోనే తోలుకి రంగు పూస్తోంది. మోచేతుల దాకా రబ్బరు దొడుగులు ఉన్నాయి. అతను జీనుని పెరటి కంచె కమ్మీ మీద వేసి, రెండో చేతిలో ఉన్న కాగితం పొట్లం విప్పాడు. నూనెలో వేయించిన మెలిక రొట్టెలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"తిను. మా ఆవిడ పంపింది. విని చాలా బాధపడింది."

"నువ్వు?"

"నేను బాధపడకుండా ఉంటానా? కానీ అబద్ధం ఎలా చెప్పను చెప్పు, కస్టమ్స్ వాడికి? చట్టం చట్టమే. మన గుర్రాల కోసమే కదా." అతను ఒక రొట్టె తనే తీసుకుని కొరికాడు. "సరే, ఇది చూడు. కడుపు పట్టీ దగ్గర కుట్టు ఊడింది. శనివారం పోటీల్లో దీనిమీదే ఎక్కాలి. జర్మనీ నుంచి ఎనిమిదిమంది కొనేవాళ్ళొస్తున్నారు. నీ కుట్టు నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరు."

అది నూటపదమూడో నెంబరు. వెనక అంచు పొడుగునా వెండి రేకు, దాని మీద అతని గుర్రపుశాల ముద్ర. స్టైన్వోర్ ఇప్పటిదాకా కుట్టినవాటిలో అంతకంటే మంచి జీను లేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెప్తే ఆ తర్వాతివాటి ధర పడిపోతుంది.

"ఎలా ఊడింది?"

"ఏమో. చలికాలమంతా గోడకే ఉంది. ఎలక కొరికిందేమో."

స్టైన్వోర్ దొడుగుల చేతులతోనే జీనుని బోర్లా తిప్పింది. ఎలక కొరికితే దారం పీచులా లేస్తుంది. ఇది పీచు లేవలేదు, జీనుని గట్టిగా మడిచి చుట్టినప్పుడు తెగినట్టు తెగింది. మెత్త మీద వెండిరంగు వెంట్రుకలు. కుట్టు సందులో రెండు మూడు నీలంరంగు రబ్బరు పలుకులు.

ఆమె వాటికేసి చూసి, జీనుని మళ్ళీ వెల్లకిలా వేసింది.

"శుక్రవారం సాయంత్రానికి ఇస్తాను."

"బతికించావు. నీకు ఇచ్చుకోవలసింది ఎంతైనా ఇచ్చుకుంటా."

"ఇచ్చుకుందువుగానిలే," అంది స్టైన్వోర్.

అతని కారు మలుపు తిరిగాక ఆమె లోపలికి వెళ్ళి, చెప్పులు పెట్టే బల్ల కింది నుంచి సంతకి వేసుకెళ్ళిన బూట్లు తీసింది. అడుగు గాడుల్లో అవే నీలంరంగు పలుకులు ఇరుక్కుని ఉన్నాయి. సంతలో గుర్రాల్ని తిప్పి చూపించే బరిలో ఇసకకి బదులు ఆ రబ్బరు పోశారు. ఆ నీలం ఈ దీవిలో ఎక్కడా లేదు.

తర్వాత కోటు జేబులోంచి పెట్టె మేకులు బల్లమీద పోసింది. పద్దెనిమిది. ఆమె వాడేవి పాత మేకులు. సుత్తి దెబ్బలకి వాటి తలలు అప్పడాల్లా అణిగి ఉంటాయి. పద్నాలుగు అలాగే ఉన్నాయి. నాలుగు కొత్తవి, తలలు తళతళలాడుతున్నాయి. అంటే మూత ఎవరో తీశారు, ఊడదీసినప్పుడు నాలుగు వంగిపోతే కొత్తవి కొట్టారు.

స్టైన్వోర్ బేరం చేసే మనిషి. ఒక మనిషి ఒక పని ఎందుకు చేశాడో తెలియాలంటే అతను దేన్ని కాపాడుకుంటున్నాడో చూడాలని ఆమెకి తెలుసు. సంతలో హల్బ్యోర్న్ తన వెండిరంగు ఆడగుర్రం మ్యోల్‌ని బరిలో తిప్పి మంచి ధరకి అమ్మాడు. మ్యోల్ అక్కడే ఉండిపోయింది. దాని మీద వేసిన జీను కూడా అక్కడే ఉండిపోవాలి. కానీ ఆ వెండి రేకు జీను లేకుండా శనివారం ఊరిముందు గుర్రమెక్కితే అతనికి తల తీసేసినట్టుంటుంది. అందుకని దాన్ని తివాచీలో చుట్టాడు. కంటైనర్ లోపలంతా తవ్వకుండా కస్టమ్స్ వాడికి ముందే ఒక ఎర కావాలి. ఆ ఎర ఆమె పెట్టె. అందులో జీనుకి మ్యోల్ వెంట్రుకలూ చెమటా అంటించి, పేరు చెప్పకుండా ఫోను చేసింది అతనే. ఒక్క జీను సరిపోతుందో లేదోనని నాలుగూ సంచుల్లోంచి తీసి కలిపేశాడు. ఒకటి దాటించడానికి నాలుగు ఖర్చు పెట్టాడు, అవీ తనవి కావు.

ఆమె నూటపదమూడుని గుమ్మం దాటించలేదు. కంచె మీద నుంచి తీసి, పెద్ద ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, టేపు వేసి, పడవల పాకలో ఖాళీ నేల మీద పెట్టింది. దొడుగులు కూడా ఆ పట్టాలోనే వేసి కట్టింది. మెలిక రొట్టెలు పొరుగింటి కుక్కకి పెట్టింది.

సాయంత్రం కొలతల టేపు పట్టుకుని హల్బ్యోర్న్ గుర్రపుశాలకి వెళ్ళింది.

"పట్టీ జతది చూడాలి, వెడల్పు సరిపోవాలి కదా," అంది.

"వెళ్ళి చూసుకో, తలుపు తీసే ఉంది," అన్నాడతను గుర్రం డెక్క పట్టుకుని, తలెత్తకుండా.

జీనుల గదిలో మేకులకి ఇరవై ఆరు జీనులు వేలాడుతున్నాయి. వాటిలో తొమ్మిది ఆమె కుట్టినవే. ఒక మేకు ఖాళీగా ఉంది, నూటపదమూడుది. ఆ ఖాళీకి అటుపక్క పెద్ద నల్లజీను. ఇటుపక్క, ఆ ఇరవై ఆరులోదే, ఒక చిన్న ఎర్రజీను, పిల్లలది. ముందు అంచు మీద గులాబీ కుట్టి ఉంది. నలభై ఒకటో నెంబరు. హల్బ్యోర్న్ కూతురికి ఆరేళ్ళున్నప్పుడు స్టైన్వోర్ చేసిచ్చింది. ఇప్పుడు మనవరాలి కోసం కాబోలు, నూనె రాసి మెరిపించారు. వేలాడే పట్టీల చివరలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

ఆమె టేపు తీయకుండానే గోడకేసి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి, ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి లెక్కపెట్టుకుని వచ్చింది.

*

ఊరి ఈతకొలను పక్కన వేడినీళ్ళ తొట్టి ఉంది. పొద్దున ఆరున్నరకి అక్కడ చేరే వాళ్ళు ఏడాది పొడుగునా వాళ్ళే. మంచు పడనీ, గాలి చెవులు కొయ్యనీ, మెడదాకా నీళ్ళలో కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకుంటారు. తొట్టిలో ఉద్యోగాలుండవు. డాక్టరుకి రోగం చెప్పకూడదు, మేయరుని రోడ్డు అడగకూడదు. బదులుగా, అక్కడ విన్నది ఎవరూ తడి ఆరాక బయటికి మోసుకెళ్ళరు. ఓగ్ముండుర్ తలమీద తడితువ్వాలు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటే, అతని ఎదుటే జనం దొంగసారా గురించి, పన్ను కట్టని చేపల గురించి ఇరవై రెండేళ్ళుగా మాట్లాడుతున్నారు. ఏనాడూ ఎవరికీ ఏమీ కాలేదు.

గురువారం స్టైన్వోర్ తొట్టిలో దిగేసరికి హల్బ్యోర్న్ చేతులు రెండూ అంచుమీద చాపుకుని మ్యోల్ కథ చెప్తున్నాడు. బహుశా ఆరోసారి.

"రా తల్లీ, రా," అంది ఆస్లోగవ్వ. ఆ ఊళ్ళో సగంమందికి మంత్రసాని పని చేసింది ఆవిడే. ఎనభై దాటినా నోరు తగ్గలేదు. "నీ జీనులు కాల్చారటగా. నా పెళ్ళప్పటి మంచం కూడా ఇలాగే కాల్చాల్సింది, కస్టమ్స్ వాళ్ళు చూళ్ళేదు."

అందరూ నవ్వారు. ఓగ్ముండుర్ తువ్వాలు కింద పెదవులు మాత్రం కదిలాయి.

"కాల్చారవ్వా. అదృష్టం బాగుండకపోతే అంతే. ఇప్పుడు హల్బ్యోర్న్ జీను కూడా కుట్టూడిపోయింది. గోడకి వేలాడేసిందాన్ని ఎవరూ ఎక్కకుండానే కుట్టూడటం నా చేతిపనికి ఇదే మొదలు. సిగ్గుగా ఉంది."

"సిగ్గెందుకులే," అన్నాడు హల్బ్యోర్న్ పెద్దమనసుతో.

"సిగ్గు కాదా? ఊళ్ళో అప్పుడే అనుకుంటున్నారు, నా జీను నమ్మకనే నువ్వు సంతలో మ్యోల్‌కి జర్మన్ జీను వేశావని. ఆ జీను వల్లే దానికి నడక కుదిరిందనీ, ధర వచ్చిందనీ."

"ఎవరన్నారు?"

"ఎవరో. పేరెందుకు."

"నేనూ విన్నాను," అంది ఆస్లోగవ్వ. విని ఉండదు. తను విననిది ఊళ్ళో ఒకటుందని ఒప్పుకోవడం ఆవిడకి చేతకాదు. "జర్మన్ జీను, జర్మన్ రౌతు. నువ్వు పక్కన నిలబడి చప్పట్లు కొట్టావట కదరా అబ్బాయ్."

హల్బ్యోర్న్ మెడ నీళ్ళ వేడికంటే ఎక్కువగా ఎర్రబడింది. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"చప్పట్లా? నేనే ఎక్కాను! నా గుర్రం, నా తొడలు! జర్మన్ జీనుని నా పాకలో దూలానిక్కూడా వెయ్యను. మ్యోల్ మీద ఉన్నది ఈవిడ కుట్టిన నూటపదమూడే. నా వెండిరేకుది. గొర్రెతోలు కప్పాను కాబట్టి మీకు తెలీలేదు కానీ, అక్కడ ఉన్నవాళ్ళందరూ…"

మాట అక్కడితో ఆగింది. తొట్టిలో నీళ్ళు గొట్టంలోంచి పడే చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆస్లోగవ్వ నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉంది. ఓగ్ముండుర్ కళ్ళు తెరవలేదు, కదల్లేదు.

"అయితే నా పేరు నిలబెట్టావన్నమాట," అంది స్టైన్వోర్ మెల్లగా.

"గాలి ఉత్తరానికి తిరిగింది," అన్నాడు హల్బ్యోర్న్, ఆకాశంకేసి చూసి.

కాసేపటికి ఓగ్ముండుర్ తువ్వాలు తీసి పిండుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. హల్బ్యోర్న్ అతని వీపు తలుపు దాటేదాకా చూసి, ఊపిరి వదిలి, మళ్ళీ చేతులు అంచుమీద చాపుకున్నాడు. తొట్టి మాట తొట్టిలోనే ఉంటుంది. అందరికీ ఆ నమ్మకం ఉంది.

పదకొండు గంటలకి ఓగ్ముండుర్ యూనిఫాంలో ఆమె దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని చాలాసేపు దాని అంచు తిప్పాడు.

"నీళ్ళలో విన్నది నీళ్ళలోనే వదిలేశాను," అన్నాడు. "ఇరవై రెండేళ్ళలో ఒక్క మాట కూడా మోసుకురాలేదు. ఇప్పుడూ తేలేదు. అర్థమైందా?"

"అర్థమైంది. అయితే ఇప్పుడు పొడిగా ఉన్నావు. అడగాల్సింది అడుగు."

"బయటి దేశంలో గుర్రం మీద వాడిన సామాను నీ దగ్గర ఏమైనా ఉందా?"

జీనులు బాగుచేసేవాళ్ళు కూడా ఒక విధంగా డాక్టర్లే. ఎవరి గుర్రానికి వీపు పుండు పడింది, ఎవరు లావెక్కారు, ఎవరు గుర్రాన్ని కొడతారు, అన్నీ జీను చెప్తుంది. బయట చెప్పకూడదు. చెప్తే మరుసటి రోజు నుంచి గుమ్మంలోకి ఎవరూ రారు. ఇన్నేళ్ళలో స్టైన్వోర్ ఎవరి జీను గుట్టూ ఎవరికీ చెప్పలేదు. అందుకే అతనే అడగాలని చూసింది. అధికారి అడిగితే చెప్పడం వేరు.

"ఉంది," అని ముందు నడిచింది.

పడవల పాకలో ప్లాస్టిక్ మూటని అతను చుట్టూ తిరిగి చూశాడు. టేపు అతుకుల్ని వేలితో తడిమాడు.

"ఎప్పటినుంచి ఇక్కడుంది?"

"నిన్నటినుంచి. లోపలికి తీసుకెళ్ళలేదు. నా బల్లకి తగల్లేదు, మెత్తల్లో కూరే నా ఉన్నికి తగల్లేదు. తగిలింది, తగిలినదానికి తగిలింది, అన్నీ కొలిమికేనని నువ్వే కదా చెప్పావు."

ఓగ్ముండుర్ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. పొద్దున తొట్టిలో జరిగింది ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో అతనికి అప్పుడు అర్థమైంది. కోపమొచ్చినట్టు కనిపించలేదు. ఏదో పోగొట్టుకుని జేబులు తడుముకునే మనిషిలా ఉన్నాడు.

"రెండ్రోజులు అతని జీనుల గదిలో ఉండుంటుంది," అన్నాడు.

"ఇరవై ఆరున్నాయి. దీనితో ఇరవై ఏడు."

"లెక్కపెట్టావా?"

"రెండువైపులనుంచీ."

*

శుక్రవారం పొద్దున హల్బ్యోర్న్ గుర్రపుశాల గేటుకి పసుపు పట్టీ కట్టారు. మూడు వారాలు గుర్రం బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. శనివారం పోటీలు అతనికి లేవు. జర్మనీ నుంచి వచ్చే ఎనిమిదిమందీ వేరే వాళ్ళ గుర్రాలు చూసుకుని వెళ్ళిపోతారు. తను కుట్టినవాటి నెంబర్లు గుర్తుపట్టడానికని ఓగ్ముండుర్ స్టైన్వోర్‌ని కూడా పిలిపించాడు. తెల్లటి కాగితపు బట్టలు తొడుక్కున్న ఇద్దరు మనుషులు జీనుల్ని ఒక్కొక్కటే తెచ్చి లారీలో వేస్తున్నారు. ఆమె పక్క తోలు చూసి నెంబరు చెప్తోంది, ఓగ్ముండుర్ రాసుకుంటున్నాడు. అరవై ఏడు. ఎనభై. నూటరెండు. ప్రతి నెంబరుకీ దాన్ని కుట్టిన చలికాలం ఆమె చేతికి గుర్తొస్తోంది.

హల్బ్యోర్న్ గోడకి ఆనుకుని చూస్తున్నాడు. తిట్టలేదు, అరవలేదు. ఒక్కసారి మాత్రం ఆమె దగ్గరకొచ్చి అన్నాడు.

"నాలుగుకి ఇరవై ఏడా?"

"నేను రాసిన చట్టం కాదు," అంది.

చివర్లో లోపలికెళ్ళిన మనిషి వట్టి చేతులతో వచ్చాడు. ఇరవై ఐదే ఉన్నాయన్నాడు. నూటపదమూడుతో ఇరవై ఆరు. ఓగ్ముండుర్ కాగితం చూసి, హల్బ్యోర్న్ కేసి చూశాడు. హల్బ్యోర్న్ కారు దగ్గరికి వెళ్ళి, వెనక సీటు మీదనుంచి చిన్న ఎర్రజీను తెచ్చాడు. దాన్ని బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులమీదా పట్టుకున్నాడు.

"ఇది గదిలోది కాదు. ఇంట్లో ఉంది. మనవరాలు మంచం పక్కన పెట్టుకుంది. రేపు మొదటిసారి ఎక్కాలని… సరే, రేపు ఎటూ లేదు. ఇది మాత్రం వాటితో లేదు ఓగ్ముండుర్. దీన్ని వదిలెయ్యి."

ఓగ్ముండుర్‌కి వదిలెయ్యాలనే ఉంది. అది మొహంలో కనిపిస్తోంది. కానీ చట్టం ప్రకారం ఒక్క సాక్షి కావాలి. స్టైన్వోర్ వైపు తిరిగాడు.

"నువ్వు బుధవారం ఆ గదిలోకి వెళ్ళావు కదా. ఇది విడిగా ఉందా, వాటితో కలిసి ఉందా? విడిగా ఉంటే వదిలేస్తాను."

ఇవే మాటలు. సోమవారం షెడ్డులో గాలికి రేకులు దడదడలాడుతుంటే ఫోనులో అడిగినవి. హల్బ్యోర్న్‌కి కూడా గుర్తొచ్చినట్టుంది. అతని కళ్ళు ఆమె మీదనుంచి పక్కకి జారి నేలమీద నిలిచాయి. ఆమె జీను మీది గులాబీని చూసింది. దాన్ని కుట్టడానికి ఆ రోజుల్లో వారం పట్టింది. వేలికి తోలు కుట్టే ఆరె గుచ్చుకుని ఒక రేకు మీద రక్తపు చుక్క పడితే, ఎర్రరంగులో కలిసిపోతుందిలే అని వదిలేసింది. ఇప్పటికీ ఆ చుక్క ఎక్కడుందో ఆమెకి తెలుసు.

"కలిసే ఉన్నాయి," అంది స్టైన్వోర్.

*

సోమవారం ఆరున్నరకి ఆమె తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి లోపల నవ్వులు వినపడుతున్నాయి. ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే ఆగిపోయాయి. ఓగ్ముండుర్ కూర్చునే మూల ఖాళీగా ఉంది. శనివారం నుంచి అతను పక్క ఊరి కొలనుకి వెళ్తున్నాడని తలుపు దగ్గర టికెట్లమ్మే మనిషి అడక్కుండానే చెప్పాడు.

హల్బ్యోర్న్ ఉన్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"చల్లగా ఉంది," అన్నాడు ఎవరో.

"ఈ గాలి ఇంకా రెండ్రోజులుంటుంది," అంది ఆస్లోగవ్వ. తల్లీ అనలేదు.

స్టైన్వోర్ మెడదాకా మునిగి కూర్చుంది. చాలాసేపటికి హల్బ్యోర్న్ గొంతు సవరించుకున్నాడు.

"జీనులు కావాలి. గొర్రెల్ని కొండల నుంచి దింపే వేళకి కనీసం పది. బయటినుంచి తెప్పిస్తే సుంకం, పన్ను, ఓడ, అన్నీ కలిపి తడిసి మోపెడవుతుంది. తోలుకి ముందే డబ్బిస్తాను."

"వరుసలో నీకంటే ముందు నాలుగున్నాయి."

"ఎవరివి?"

"నావి. అవి అయ్యాక నీవి మొదలుపెడతాను. ధరలో ఏమాత్రం తగ్గేది లేదు."

అతను తలూపాడు. అతనికి వేరే దారి లేదని ఆమెకి తెలుసు. తోలు వస్తుంది, దుకాణం నిలబడుతుంది, వచ్చే రెండేళ్ళూ పనికి కొదవ లేదు. మంగళవారం కొలిమి దగ్గర నిలబడి ఆమె కోరుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది.

"ఆ చిన్నది…" అన్నాడు హల్బ్యోర్న్.

"శనివారమే తోలు కత్తిరించాను. ఎర్రది. దానికీ పూర్తి ధర."

శనివారం ఊరంతా పోటీలకి వెళ్ళినప్పుడు ఆమె దుకాణంలో ఒక్కతే కూర్చుని ఆ చిన్న ముక్కలు కత్తిరించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు కూడా అడగలేదు. ఇదివరకైతే ఆస్లోగవ్వ ఏదో ఒక మాట విసిరేది, ఇంకొకరు దానికి తోక తగిలించేవారు, తొట్టి సగం నీళ్ళు బయటికి చిందేలా నవ్వేవారు. ఇప్పుడు ఆవిడ గోళ్ళు చూసుకుంటోంది.

"మధ్యాహ్నానికి వాన పడొచ్చు," అంది స్టైన్వోర్.

"పడొచ్చు," అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఆమె కాసేపు చూసి లేచింది. మెట్లెక్కి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తడి సిమెంటు మీద పది అడుగులు వేసి తలుపు పిడి పట్టుకునేసరికి వెనకనుంచి ఆస్లోగవ్వ గొంతు ఏదో అంది. ఎవరో పక్కుమన్నారు. తర్వాత అందరూ ఒకరి మీద ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారు. గొట్టం చప్పుడుని మించి అన్నిటికంటే పైన హల్బ్యోర్న్ గొంతు వినపడుతోంది, మ్యోల్ కథ మళ్ళీ మొదటినుంచి చెప్తూ.

స్టైన్వోర్ తలుపు సగం తీసి, ఆ గొంతులు ఎన్నో లెక్కపెడుతూ అలాగే నిలబడింది.